పదిరోజుల చుట్టాలు

2024 డిసెంబరులో ఒక ఆదివారంనాడు మా అన్నయ్య ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. మా అన్నయ్య కూతురు నిజామాబాదులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీవాళ్లు బోధన్ వైపు ఒక ఊళ్లో ఎన్.ఎస్.ఎస్. క్యాంపు పెడుతున్నారట, వారం రోజులు. తను పోతానంటుంది. వాళ్ల నాన్న వద్దంటాడు. మా వదినె ఎటూ చెప్పకుండా వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడుకు అర్థమేమిటో పెళ్లయిన ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

"వారం రోజులు ఊరోళ్ల వాకిళ్లు ఊడ్చి, ఫోటోలు దిగి, సర్టిఫికెట్టు తెచ్చుకుంటరు. ఎవరికేం లాభమైతది? ఆ వారం కూసోని చదువుకుంటే నాలుగు మార్కులన్న ఎక్కువొస్తయి" అన్నాడు అన్నయ్య.

అమ్మాయి నా వంక చూసింది. "అత్తా, నువ్వన్న చెప్పరాదు. నీ డిగ్రీల నువ్వు గూడ పోయినవు గద."

"ఆఁ, పోయింది. పోయి ఏం జేసొచ్చిందో అడుగు" అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

నవ్వుతూ అన్నదే అయినా ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. నేనేం చేసొచ్చానో నాకు తెలుసు. అది మా అన్నయ్యకు ఎన్నడూ చెప్పలేదు. మీకు చెప్తాను గాని, దానికి ముందు ఈ క్యాంపులన్నీ మన దేశంలోకి ఎట్లా వచ్చాయో చెప్పాలి. ఆ చరిత్రలో మన తెలుగు ఆడపడుచు ఒకామె ఉంది.

దుర్గాబాయమ్మగారి కథ మీలో చాలామంది వినే ఉంటారు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటు పెట్టిన ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర పధ్నాలుగేళ్ల పిల్ల వాలంటీరుగా నిలబడింది. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి పంపగూడదని ఆ పిల్లకు అప్పజెప్పిన పని. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టిక్కెట్టు లేదు. పిల్ల ఆపేసింది. నిర్వాహకులు లబలబలాడుతూ పరుగెత్తుకొచ్చి, ఎవరిని ఆపావో తెలుసునా అని కోప్పడ్డారు. టిక్కెట్టు కొన్నాకనే ఆ పిల్ల పక్కకు జరిగింది. నెహ్రూగారేమో, తన పని తాను చేసిందని మెచ్చుకున్నారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మనం దుర్గాబాయి ధైర్యాన్ని పొగుడుతాం. పొగడాల్సిందే. అయితే నాకు ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ఆ పిల్లకు చెయ్యవలసిన పనేదో స్పష్టంగా చెప్పారు. అది నిజంగా అవసరమైన పని. చేసిన తర్వాత, చేసినందుకు మాట పడనివ్వకుండా ఒక పెద్దమనిషి వెనకేసుకొచ్చాడు. వాలంటీరుకు ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? ఆ కాకినాడలోనే, ఆ సభల్లోనే, డాక్టర్ హార్డీకర్ పూనికతో హిందూస్తానీ సేవాదళం పుట్టింది. స్వచ్ఛందంగా వచ్చిన కుర్రవాళ్లకు తర్ఫీదు కూడా కావాలని గుర్తించి పెట్టిన సంస్థ అది. మంచి మనసుంటే చాలు, పని దానంతటదే వస్తుందని ఆనాటివాళ్లు అనుకోలేదన్నమాట.

ఈ కథకు రెండో భాగం ఉంది. అది అంతగా ఎవరూ చెప్పరు.

స్వాతంత్ర్యం వచ్చాక సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, చదువుకునే పిల్లలు ఇష్టపూర్వకంగా జాతీయ సేవ చెయ్యాలని సూచించింది. మొదటి పంచవర్ష ప్రణాళిక నాటికి ఒక సంవత్సరంపాటు శ్రమ, సేవ అనే మాట వచ్చింది. 1958లో నెహ్రూగారు ముఖ్యమంత్రులకు ఉత్తరం రాస్తూ, డిగ్రీ చేతికివ్వడానికి ముందు సమాజసేవ ఉంటే బాగుంటుందనే ఆలోచన చెప్పారు. దానిమీద 1959లో ఒక సంఘం వేశారు. ఆ సంఘానికి అధ్యక్షుడెవరనుకున్నారు? చింతామణి దేశ్‌ముఖ్‌గారు. 1953లో దుర్గాబాయిగారిని పెళ్లాడినాయన. టిక్కెట్టు లేదని ఆపిన పిల్ల, ఆగిన ఆ పెద్దమనిషి, ఆ పిల్ల భర్త ముగ్గురూ ముప్ఫై ఆరేళ్ల తర్వాత ఒకే ప్రశ్న దగ్గరకు చేరారు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఈ విషయం మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు గాని, నవలలు రాసుకునేదాన్ని గదా, ఊహించుకోకుండా ఉండలేను.

దేశ్‌ముఖ్ సంఘం చెప్పినదేమిటంటే, తొమ్మిది నెలలనుంచి ఏడాది దాకా సేవ తప్పనిసరి చెయ్యాలని. డబ్బు ఎక్కడిదన్నారు. ఎట్లా నడిపిస్తామన్నారు. అది ఉన్నదున్నట్టు అమలు కాలేదు. 1960లో సయ్యిదైన్‌గారు ఇతర దేశాల్లో ఏం జరుగుతోందో పరిశీలించి, బలవంతం వద్దు, ఇష్టమున్నవాళ్లతోనే మొదలుపెట్టండని చెప్పారు. మధ్యలో 1962 చైనా యుద్ధం వచ్చింది, మరుసటి ఏడు ఎన్.సి.సి. కాలేజీల్లో తప్పనిసరి అయింది. కవాతు ఇష్టంలేని పిల్లలు తప్పించుకునే దారులు వెతికారు. బలవంతపు బ్రాహ్మణార్థం ఎన్నాళ్లు నిలుస్తుంది? 1967లో విద్యామంత్రుల సమావేశం, ఆ వెనక వైస్ చాన్సలర్ల సమావేశం జరిగి, ఎన్.సి.సి. వద్దనుకునేవాళ్లకు సేవ అనే ఇంకో దారి పెట్టాలన్నారు.

అట్లా 1969 సెప్టెంబరు 24న, గాంధీగారి శతజయంతి సంవత్సరంలో, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావుగారు 37 విశ్వవిద్యాలయాల్లో నలభైవేలమంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ప్రారంభించారు. కోణార్క సూర్యరథ చక్రం దాని గుర్తు. 'నేను కాదు, నువ్వు' అనేది దాని నినాదం. నలభైవేలతో మొదలైనది ఇప్పుడు ముప్ఫై లక్షలు దాటింది. రెండేళ్లలో 240 గంటల పని, ఒక ప్రత్యేక శిబిరం, ఆ తర్వాత సర్టిఫికెట్టు. ఇదీ లెక్క.

ఈ లెక్కలోకే నేనూ వెళ్లాను, 1998లో.

అప్పటికి మా జిల్లా కాలేజీలన్నీ ఉస్మానియా కిందే. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో గాని రాలేదు. మాది ఏ కాలేజీయో చెప్పను, ఊరి పేరూ రాయను. బోధన్ దాటి కొంత దూరం పోతే వచ్చే ఊరు. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే చోటు. మంజీరమీద ఆ ప్రాజెక్టు 1931లో పూర్తయ్యాకే ఈ ప్రాంతం చెరుకు మొహం చూసింది. తర్వాత 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే రోజుల్లో ఆ ఊరి గాలికే తీపి వాసన ఉండేది. తీపి అంటున్నాను గాని నిజానికి చెరుకు మడ్డి వాసన. కొత్తవాళ్లకు తల తిరుగుతుంది, ఉన్నవాళ్లకు తెలియదు.

మా క్యాంపు పదిరోజులు. అప్పట్లో పదీ. ఇప్పుడు ఏడు. డిసెంబరు నెలాఖరులో పెట్టారు, అంటే సరిగ్గా ఫ్యాక్టరీలో గానుగ నడిచే కాలం. ఎందుకంటే కాలేజీకి అప్పుడు వీలు. ఊరికి వీలో కాదో ఎవరూ అడగలేదు. తెల్లారేసరికి ఊరు ఊరంతా చెరుకు కొట్టడానికి పోయేది. మేము చీపుళ్లూ పారలూ పట్టుకుని బయలుదేరేసరికి ముసలివాళ్లు, చంటిపిల్లలు, అరుగుల మీద చేటలు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు మిగిలేవాళ్లు. వాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. మేము వాళ్లను చూసి, పాపం వీళ్లకు పరిశుభ్రత తెలియదు అనుకునేవాళ్లం. వాళ్ల వాకిళ్లు అప్పటికే ఊడ్చి, అలికి, ముగ్గులు కూడా వేసి ఉండేవి మరి!

మూడోరోజు ఇంకుడు గుంతలు తవ్వాం. అరచేతులు బొబ్బలెక్కాయి. గొప్ప పని చేశామనుకున్నాం. సాయంత్రం ఒక అవ్వ కర్ర పట్టుకుని వచ్చి గుంతలోకి తొంగి చూసింది.

"ఏంది బిడ్డా గిది?"

చెప్పాం.

"మంచిదే గాని, చెరుకు బండి గీడనే మలుగుతది గద. ఎడ్లు పడ్తయి. పొద్దుగాల నన్నొక్క మాట అడిగితే గా పక్కకు జూపుదును."

ఆ రాత్రే లాంతర్లు పెట్టుకుని ఆ గుంత పూడ్చేశాం. తవ్వడానికి ఒక పూట పట్టింది గాని పూడ్చడానికి గంట కూడా పట్టలేదు.

ఇదొక్కటే అయితే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. నవ్వుకునే కథగా ఉండిపోయేది. అసలు సంగతి రాత్రి బడిది.

బీడీలు చేసే ఆడవాళ్లే వచ్చి అడిగారు. మా అంతట మేము పెట్టింది కాదు. "మాకు పొద్దంత వాకిళ్లూడ్వకుండ్రి బిడ్డా, రాత్రి ఇంత సదువు చెప్పుండ్రి" అన్నారు. ఎందుకో కూడా చెప్పారు. వెయ్యి బీడీలకు ఇంతని లెక్క. ఎన్ని వేలు ఇచ్చారో, బాగాలేవని ఎన్ని తీసి పారేశారో, ఆకూ తంబాకూ ఎంత ఇచ్చారో అన్నీ కార్డులో రాస్తారు. రాసినది ఏమిటో వీళ్లకు తెలియదు. అంకెలు వస్తే చాలు, పేరు రాయడం వస్తే ఇంకా మంచిది. వచ్చినవాళ్లు పధ్నాలుగు మంది. చేటలు ఒళ్లోనే ఉండేవి. ఒక చేత్తో పలక, ఇంకో చేత్తో బీడీ. మా క్యాంపులో అవసరమైన పని అదొక్కటే. దానికి మాకు తర్ఫీదు లేదు. ఎవరికి వాళ్లం చిన్నప్పుడు మన ఇళ్లలో అక్షరాభ్యాసం చేయించినట్టే అ, ఆల నుంచి మొదలుపెట్టాం. ఎనిమిది రాత్రుళ్లలో ఎంతదూరం పోతాం? అక్షరాలు అయ్యాయి, గుణింతాలు సగం అయ్యాయి. వత్తుల దాకా రాలేదు.

వాళ్లలో ఒకామె మా కంటే నాలుగైదేళ్లు పెద్దది. అందరం వదినె అనేవాళ్లం. అసలు పేరు రాయడం బాగుండదు, పద్మ అనుకోండి. చాలా తెలివైనది. ఏడో రాత్రికే తన పేరు తనే కూర్చుకుని రాసి చూపించింది: 'పదమ'. మేం చప్పట్లు కొట్టాం. కింద మ వత్తు ఉండాలి అని ఎవరో అనబోతే, నేనే, ఇప్పుడే ఎందుకు, వచ్చే నెల మళ్లీ వస్తాం గదా అప్పుడు చెబుదాం అన్నాను. ఆ మాట నాది.

వెళ్లేరోజు ఆమె బస్సు దాకా వచ్చి, "మల్ల ఎప్పుడొస్తరు?" అని అడిగింది.

"వచ్చే నెల వదినె."

వెళ్లలేదండీ. జనవరిలో పండగ, తర్వాత పరీక్షలు, తర్వాత వేసవి. మరుసటి ఏడు క్యాంపు వేరే ఊళ్లో పెట్టారు. మా లెక్చరరుగారు మంచివారే. వందమంది పిల్లల యూనిట్‌కు ఆయనొక్కరు, పైగా ఆయన క్లాసులు ఆయనకు ఉండనే ఉన్నాయి. చిత్రమేమిటంటే, ఒక ఊరిని దత్తత తీసుకుని, మామూలు రోజుల పని, క్యాంపు అన్నీ అక్కడే సాగించాలన్నది ఆ పథకంలోనే ఉంది. కాగితం మీద ఉంది. కొత్త ఊళ్లో అయితే కొత్త ఫోటోలు వస్తాయి, పాత ఊళ్లో అయితే పాత మాటలు గుర్తుచేస్తారు. ఎవరైనా ఏది ఎంచుకుంటారు?

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. మా యూనివర్సిటీ ఉన్న డిచ్‌పల్లిలోనే విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. 1907లో స్కాట్లండు నుంచి ఇసాబెల్ కెర్ అనే లేడీ డాక్టరు, భర్త జార్జి కెర్‌తో కలిసి నిజాం రాజ్యానికి వచ్చింది. ఇక్కడి కుష్ఠురోగుల స్థితి చూసి కడుపు తరుక్కుపోయిందామెకు. నిజామాబాదు ధనికుడు రాజా నర్సాగౌడ్‌గారు డబ్బిచ్చారు. 1915లో ఆసుపత్రి తెరిచారు. అప్పట్లో చాల్మోగ్ర జాతి నూనెలను సూదిమందుగా ఇచ్చే చికిత్స కొత్తగా వస్తోంది. నొప్పితో కూడిన సూదులు, నెలల తరబడి వెయ్యాలి. రోగి మళ్లీ మళ్లీ రావాలి, డాక్టరు మళ్లీ మళ్లీ ఉండాలి. ఆమె 1932లో పోయేదాకా ఆ పనిలోనే ఉంది. డిగ్రీ చదివే పిల్లలు అట్లా జీవితాలిచ్చెయ్యాలని నేననడంలేదు. ఆ తల్లిదండ్రుల్లో నేనూ ఒకదాన్నే. కాని ఆ ఆసుపత్రి గేటు ముందునుంచి బస్సు పోయినప్పుడల్లా, 'వచ్చే నెల' అన్న నా మాట నాకు వినిపిస్తుంది.

విదేశాల్లో దీన్ని ముందే గ్రహించినట్టున్నారు. 1884లో లండన్ తూర్పు పేటల్లో బార్నెట్ దంపతులు టాయిన్‌బీ హాల్ పెట్టారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కుర్రవాళ్లు అక్కడికి వచ్చి చూసి పోవడం కాదు, ఆ బీదల మధ్యనే కాపురం ఉండాలి. పగలు ఉద్యోగం చేసుకోండి, రాత్రి పాఠం చెప్పండి, పొద్దున్నే లేచి అదే వీధిలో నడవండి అన్నారు. తర్వాత బ్రిటన్‌లో సంక్షేమ వ్యవస్థకు నమూనా గీసిన బెవరిడ్జి, దాన్ని నడిపిన ప్రధాని అట్లీ ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు అక్కడ పనిచేసినవాళ్లే. వాళ్లు చెప్పిన పాఠాల కంటే నేర్చుకున్నవే ఎక్కువేమో.

అంత దూరం ఎందుకు, మన నెల్లూరు జిల్లా చూడండి. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బళ్లలో వాలంటీర్లు అక్షరాలు చెప్పారు. సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్లు తిరగబడిన పాఠం ఒకటి ఆ వాచకంలో ఉంది. దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠం చదివి, చదివి ఊరుకోక, రోశమ్మ ముందు నడవగా సారా దుకాణం మూయించారు. జిల్లా జిల్లాకు పాకి, 1993లో సారా నిషేధం దాకా వచ్చింది. ఆ బళ్లు పదిరోజుల్లో మూసేసి ఉంటే అదంతా జరిగేదా? నెలల తరబడి అదే అరుగు మీద, అదే లాంతరు కింద కూర్చుంటేనే గదా ఒకరి బాధ ఒకరికి చెప్పుకుంటారు.

మళ్లీ నా ఊరికి వస్తాను. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటి సంవత్సరం ఒక నవల కోసం ఆ వైపు తిరుగుతూ, పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ ఊరికి వెళ్లాను. చెరుకు పోయి వరి వచ్చింది. మడ్డి వాసన లేదు. బడి గది అదే. వదినె ఇల్లు అడిగితే చూపించారు.

ఆమె నన్ను గుర్తుపట్టింది. ముందు చాయ పెట్టింది. తర్వాత నవ్వుతూ చెప్పింది. మేం వెళ్లిపోయాక ఆమె ఆ అక్షరాలు వదల్లేదు. కొన్నాళ్లకు పీఎఫ్ కాగితాలు రాసేటప్పుడు, అందరూ వేలిముద్రలు వేస్తుంటే తను మాత్రం గర్వంగా కలం తీసుకుని 'పదమ' అని రాసింది. రాసుకునే మనిషి దాన్నే చూసి ఎక్కించాడు. మిగతా కాగితాల్లో పద్మ, ఇందులో పదమ. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికురాళ్లకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టినప్పుడు పీఎఫ్ లెక్కనే చూశారు. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారట. ఎనిమిది నెలలు తిరిగింది. పోయిన కూలి, బస్సు చార్జీలు, నోటరీ ఖర్చు...

"ఏలుముద్ర ఏసినోళ్లకు ఎవ్వలకు గీ తిప్పల లేకపాయె, సదువొచ్చిన నాకే వచ్చె" అని నవ్వింది.

ఆమె నవ్వగలిగింది. చాయ గ్లాసు నా చేతిలో అట్లాగే చల్లారిపోయింది. "తప్పు మాదే వదినె" అన్నాను. "గట్లేం లేదు. సంతకం నేర్పిన్రు. అయితే ఒత్తు జెప్పి పోతే అయిపోవు" అంది. అంతే అంది.

అన్నయ్య అడిగిన ప్రశ్నకు ఇదీ నా జవాబు. ఆదివారం సాయంత్రం మళ్లీ వెళ్లి ఇదంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "చూసినవా, పోకుంటెనే మంచిదంటున్న" అన్నాడు.

"కాదన్నయ్యా, పోయి మధ్యల వదిలిపెడితే అట్లయింది" అన్నాను.

మా ఇద్దరి వాదనలో ఏది రైటో మీరే చెప్పండి. నాకు మాత్రం బలవంతంగా పంపడమూ, వద్దని ఆపడమూ రెండూ ఒక్కలాంటివే అనిపిస్తాయి. రెంటిలోనూ ఊరిని ఎవరూ అడగరు. పిల్లలు వెళ్లడానికి నెలముందే లెక్చరరుతోపాటు ఇద్దరు విద్యార్థులు ఆ ఊరికి పోయి, అరుగుల మీద కూర్చుని, ఏం కావాలో అడిగి రావాలి. పంట కాలం చూసుకుని రోజులు పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పాత పిల్లలు కొత్త పిల్లలకు అప్పగించే నోటుపుస్తకం ఒకటి ఉండాలి. ఎవరికి ఏ అక్షరం దాకా వచ్చింది, ఏ గుంత ఎక్కడ తవ్వకూడదు, ఏ అవ్వను అడగాలి... పరుగు పందెంలో కర్ర అందించినట్టు. విద్యార్థి మూడేళ్లలో వెళ్లిపోతాడు, అది వాడి తప్పు కాదు. ఊరు అక్కడే ఉంటుంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. చాలా ఏళ్లపాటు క్యాంపుకు ఒక్కో విద్యార్థికి 450 రూపాయలు ఇచ్చారు, ఏడు రోజులకు. రోజుకు అరవై నాలుగు రూపాయలన్నమాట. అందులోనే తిండి, రవాణా, సామాను. ఇల్లు నడిపే మీకు నేను లెక్క చెప్పనక్కర్లేదు. 2016 దాకా కేంద్రం, రాష్ట్రం పంచుకుని ఇచ్చేవి. తర్వాత మొత్తం కేంద్రమే పెట్టుకుంటోంది. తిండికే చాలని డబ్బులో తర్వాత నెలల బస్సు ఖర్చులు ఎక్కడినుంచి వస్తాయి? మళ్లీ వెళ్లడానికి డబ్బు లేదు గనుకనే మళ్లీ వెళ్లడం లేదు, సగం చోట్ల సంగతి ఇంతే. లెక్చరర్లకు ఈ పని నెత్తిన పెట్టి, క్లాసులు ఒక్కటీ తగ్గించకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఇక ఆడపిల్లల విషయం. మా వదినె గిన్నెల చప్పుడు దానిగురించే. రాత్రి ఎక్కడ పడుకుంటారు, బడిలో మరుగుదొడ్డికి తలుపుందా, తోడు ఆడ లెక్చరరు ఉంటారా? ఇవి అడగడం పాతకాలపు భయమని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నేను కొట్టిపారెయ్యను. మా క్యాంపులో తలుపు లేదు. మేం పన్నెండుమంది ఆడపిల్లలం దుప్పటి అడ్డం పట్టుకున్నాం. తల్లి అడిగే ఈ మూడు ప్రశ్నలకు కాలేజీ ముందే జవాబు చెప్పగలిగితే, సగం ఇళ్లలో యుద్ధాలు ఉండవు. మా వదినె స్వయంగా కాలేజీకి పోయి అడిగింది. జవాబులు దొరికాయి. గిన్నెల చప్పుడు ఆగింది.

అమ్మాయి క్యాంపుకు వెళ్లింది. నేను ఇచ్చింది ఒక రెండువందల పేజీల నోటుపుస్తకం, ఒక్క మాట. మళ్లీ వస్తామని ఎవరితోనూ అనవద్దని. అనాలనిపిస్తే తేదీ చూసుకుని అనమన్నాను.

అయిదోరోజు రాత్రి ఫోను చేసింది. "అత్తా, ఈడ గూడ బీడీలు చేసేటోళ్లున్నరు. అంకెలు నేర్పుమంటున్నరు. ఉల్లాస్‌ల పేర్లు రాసుకుంటున్నం. పేరు నేర్పాలంటే వత్తులు ఎన్నో రోజు చెప్పాలె?"

"వాళ్ల పేర్లల్ల ఉన్న వత్తులు మొదటి రోజే చెప్పు" అన్నాను. "అ ఆలు తర్వాతనన్న రానీ."

క్యాంపు నుంచి వచ్చిన పదిరోజులకు, భోజనాల వేళ, మళ్లీ ఊరెళ్తున్నానని అంది. శనివారం, అయిదుగురు. నేను కూడా అక్కడే ఉన్నాను. అన్నయ్య కంచంలోనుంచి తలెత్తలేదు. "బస్సుకు పైసలెవరిస్తరు?" అన్నాడు.

"మాకు బస్సు ఫ్రీయే గద నాన్న, ఆడోళ్లకు. మా తోటొచ్చే ఇద్దరు పోరగాండ్లకే లేవంటున్నరు."

అన్నయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, చొక్కా జేబులోంచి రెండు వందల నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. "వాపసు వచ్చేటప్పటికి గూడ సరిపోతయా?" అని అడిగాడు.